గోడలో కన్నం

డబ్లిన్‌లో మేం కొన్న ఇల్లు 1970ల నాటిది. ఇక్కడ ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ఎనర్జీ రేటింగ్ సర్టిఫికెట్ ఉండాలి. ఏ1 నుంచి జీ దాకా గ్రేడులు. మా ఇంటికి డీ2 వచ్చింది. ఇంజనీరింగ్‌లో కూడా నాకెప్పుడూ అంత తక్కువ గ్రేడు రాలేదు. పౌరుషం వచ్చేసింది.

మొదటి చలికాలమే ఎక్సెల్ షీటు తెరిచి రంగంలోకి దిగాను. ముందు అటక. అక్కడున్న పాత ఇన్సులేషన్ నాలుగు వేళ్ళ మందం కూడా లేదు. ఇక్కడ మామూలుగా చెప్పే లెక్క 300 మిల్లీమీటర్లు. పాత ఇళ్ళలో ఈ పనికి ఎస్.ఇ.ఏ.ఐ. అనే ప్రభుత్వ సంస్థ కొంత డబ్బు ఇస్తుంది. కాకపోతే పని మొదలుపెట్టక ముందే అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకున్నాం, వేయించాం.

తర్వాత ఇమ్మర్షన్. హాట్ ప్రెస్ అని పిలిచే అల్మరాలో రాగి ట్యాంకు, అందులో హీటరు. స్విచ్చి "సింక్" వైపు పెడితే పైపైన నీళ్ళే కాగుతాయి, "బాత్" వైపు పెడితే ట్యాంకంతా. మూడు కిలోవాట్ల హీటరు గంట నడిస్తే మూడు యూనిట్లు. అప్పటిదాకా మాకు ఆ తేడా తెలీక రోజూ బాత్ వైపే నొక్కేవాళ్ళం. ట్యాంకుకి మందపాటి జాకెట్ కూడా కొని తొడిగాను.

బిల్లు తగ్గింది. నాకు రుచి మరిగింది. చలిగాలి ఎక్కణ్ణుంచి వస్తోందా అని ఇల్లంతా అరచెయ్యి పెట్టి వెతికాను. తలుపుల కింద బ్రష్షులు, కిటికీలకి రబ్బరు పట్టీలు. పాప గదిలో గోడకి పైన గుండ్రటి కన్నం ఒకటి దొరికింది. చల్లగా ఈదరగాలి. "దొంగ దొరికాడు" అనుకుని పాత టవల్ చుట్టి గట్టిగా కుక్కేశాను. షీటులో ఆ గడికి ఆకుపచ్చ రంగు వేసుకున్నాను.

బయట వాన కాబట్టి ఉతికిన బట్టలు ఆ గదిలోనే స్టాండు మీద ఆరేసేవాళ్ళం. జనవరికల్లా పాపకి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్ళు లేచి కూర్చుని దగ్గేది. డాక్టరు ఛాతీ చూసి, "ఇంట్లో చెమ్మ ఉందా?" అని అడిగారు. లేదన్నాను, ధీమాగా.

అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. ఇంటికి రాగానే పాప మంచం పక్కనున్న బీరువా జరపమంది. వెనక గోడంతా నల్లగా బూజు.

అమ్మ తల పైకెత్తి ఆ టవల్‌ని చూసింది. "ఇదేంట్రా?"

"చలి రాకుండా, అమ్మా."

"మనింట్లో గుమ్మం పైన వెంటిలేటరు పిచ్చుకల కోసం పెట్టించారనుకున్నావా నాన్నగారు?"

తిట్టలేదు. స్టూలు ఎక్కి తనే లాగబోయింది. నేను ఆపి, ఎక్కి లాగేశాను. టవల్ తడిసిపోయి ఉంది. తడి బట్టల నీరూ, మా ఊపిరీ బయటికి పోయే దారి అదొక్కటే. చల్లటి గోడ మీద చేరి బూజుకి మేతయింది. గ్యాసో, పొయ్యో వెలిగే గదిలో అలాంటి కన్నం మూస్తే ప్రాణానికే ప్రమాదమని ఆ రాత్రి చదివాను. నిద్ర పట్టలేదు.

గోడ కడిగాం, పాపని మా గదిలోకి మార్చాం. దగ్గు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. టవలే కారణమని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు.

ఇప్పుడు స్నానాలయ్యాక పది నిమిషాలు కిటికీ తీస్తాం. ఎండ కాస్త కనిపిస్తే బట్టలు పెరట్లో తీగ మీదికే. "గ్రేట్ డ్రైయింగ్ టుడే" అని పక్కింటి పెద్దావిడ గోడ మీంచి పలకరిస్తుంది. ఈ దేశంలో వాతావరణానికి అంతకు మించిన పొగడ్త నేను వినలేదు. వానైతే బట్టలు ఒకే గదిలో వేసి, తలుపు మూసి, కిటికీ ఓరగా తెరుస్తాం. అటక, జాకెట్, రబ్బరు పట్టీలు అలాగే ఉన్నాయి. అవన్నీ మంచివే. వేడిని పట్టుకోవాలి, గాలిని మాత్రం పోనివ్వాలి. అంత చిన్న విషయం నా షీటులో ఏ గడిలోనూ లేదు.

మీ ఇంట్లోనూ చలికాలంలో ఏదైనా కన్నం మూసి ఉంటే, ఇవాళ ఓసారి బీరువా జరిపి చూడండి.