ఆపిల్ పండూ, నాయిన పంచే

మన యూనియన్ కార్యదర్శి కారిడార్‌లో అడ్డం నిలబడి, "ఈసారి సంచికకు నువ్వేదైనా రాయాల్సిందే" అన్నాడు. "కవిత మాత్రం వద్దు. వచ్చిన కవితలన్నీ అచ్చేస్తే ప్రకటనలకు చోటుండదు" అని కూడా అన్నాడు. కవిత రాయడం నాకు రాదు కనుక ఆ చిక్కు లేదు. మరి వచ్చిందేమిటయ్యా అంటే, బి.ఎస్సీ. చివరి ఏడాది గనుక రసాయనశాస్త్రం కొంత వచ్చు, ఇంట్లో ఆపిల్ పేస్ట్రీ చేయడం కొంత వచ్చు. మొదటిదాని సంగతి పరీక్షలు తేలుస్తాయి. రెండోదాని సంగతి మీకు మనవి చేసుకుంటాను.

అసలు మనకు ఆపిల్ అంటే ఏమిటి? మామిడిపండు పండగ, సీతాఫలం సరదా, జామకాయ బడి గేటు దగ్గరి దొంగతిండి. ఆపిల్ మాత్రం జబ్బు పడ్డవాళ్ళ పండు. ఎవరినైనా ఆస్పత్రిలో చూడబోతే చేతిలో అరడజను ఆపిల్ పండ్లుండాలి. అది మన మర్యాద. బండిమీద ఆపిల్ బేరమాడుతున్న మనిషిని చూస్తే "అయ్యో, ఎవరికి బాగాలేదో" అనిపిస్తుంది.

మా ఇంట్లో ఇంకో ఆపిల్ కూడా ఉండేది. అది నాయిన తెచ్చే ఆపిల్. మేముండేది నాంపల్లి స్టేషన్ వెనక సందులో. నాయినకు ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. జీతం వచ్చిన రోజు సాయంత్రం జీపీవో దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చేవాడు. చేతిలో నూనె మరకలు పడ్డ అట్టపెట్టె. అందులో నలుగురికి నాలుగు మడతల ఆపిల్ పేస్ట్రీలు. కొరికితే పైపొర పొట్టు ఒడినిండా రాలేది. లోపల దాల్చినచెక్క వాసన వేసే తియ్యటి ముద్ద. అమ్మ "నెయ్యా, డాల్డానా?" అని అడిగేది. నాయిన "తినేటప్పుడు అడగొద్దు" అనేవాడు. నా బాల్యంలో నెలకు ఒకరోజు ఆబిడ్స్ అలా మా ఇంటికి వచ్చేది.

మోజంజాహీ మార్కెట్ ముచ్చట కూడా ఆ పేస్ట్రీతోపాటే వచ్చేది. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ నాయిన కుర్రతనంలో ఊరికంతటికీ పండ్ల మార్కెట్. శరదృతువు వచ్చిందంటే కాశ్మీరు ఆపిల్ పెట్టెలు దిగేవట. పెట్టె మూత తీస్తే ఎండుగడ్డి వాసనా పండు వాసనా కలిసి గడియారం మినారు దాకా కొట్టేవని చెప్పేవాడు. 1986లో పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలింది. 2021లో అక్కడినుంచీ బాటసింగారానికి పోయింది. అక్కడ దగ్గర్లోనే సింధు దేశం వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో పెట్టిన కరాచీ బేకరీ మాత్రం ఉంది. "దేశం విడిచొచ్చినోళ్ళు ఊరికి వాసన తెచ్చిన్రు బిడ్డా" అనేవాడు నాయిన. ఇంతకుమించిన చరిత్రపాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక అసలు కథ. కిందటేడు వినాయక నిమజ్జనం వెళ్ళిన మూడో నాడు నాయినకు ఛాతీలో నొప్పి వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. వారం తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. వెనకనే బంధువులు వచ్చారు, బంధువుల వెనకనే ఆపిల్ పండ్లు వచ్చాయి. మేనత్త తెచ్చింది, ఆఫీసువాళ్ళు తెచ్చారు, కిరాణా సేటు పంపించాడు. మంచం కింద బుట్ట, ఫ్రిజ్ నిండా సంచులు. నాయిన ఒక్కటి ముట్టలేదు. కోసి పళ్ళెంలో పెడితే ముఖం తిప్పుకున్నాడు.

"గా పండ్లు చూస్తే నాకు ఆస్పత్రి వాసనొస్తది. తీస్కపోండ్రి" అన్నాడు.

పండ్లు తినకపోవడం ఒక్కటే అయితే బాధ లేకపోయేది. మాటే తగ్గిపోయింది. పొద్దంతా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని స్టేషన్‌కు పోయే జనాన్ని చూసేవాడు. మేమా, గాజుబొమ్మను చూసినట్టు చూసేవాళ్ళం. లేవబోతే "వద్దు", గ్లాసు పట్టబోతే "మేమిస్తాం". ప్రేమే సుమా, కాదనను. కాని ఆ ప్రేమ కింద మనిషి కుంగిపోతున్నాడని అప్పటికి మాకు తట్టలేదు.

అక్టోబరు ఒకటో తారీఖున తనంతట తాను ఒక మాటన్నాడు. "ఇయ్యాల ఒకటో తారీఖు. ఆపిల్ పేస్ట్రీ రోజు." అంతే. తెమ్మనలేదు. డాక్టరు నెయ్యీ డాల్డా తగ్గించమన్న సంగతి తనకూ తెలుసు. అమ్మ వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం గట్టిగా అనేశాను: "ఇంట్లనే చేస్త నాయినా. తేలికది చేస్త."

అనడం తేలిక! మా బీరువా మీద గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఒకటుంది. అమ్మ పెళ్ళైన కొత్తలో నుమాయిష్‌లో కొన్నది. దాని దుమ్ము దులిపాను. లెక్క చాలా సులువనుకున్నాను. బేకరీ మడతల పిండిలో 200 గ్రాముల మైదాకు 150 గ్రాముల దాకా కొవ్వు పడుతుంది. అందులో ముప్పాతిక తీసేస్తే తేలికైపోదా? తీసేశాను. మడతలు పెట్టి కాల్చాను. వచ్చింది పేస్ట్రీ కాదు, రికార్డు పుస్తకం అట్ట. రెండోసారి మైదా బదులు గోధుమపిండి వేశాను. అది అట్ట కూడా కాదు, పలక. మా తమ్ముడు దాన్ని తలుపు సందులో పెట్టి గాలికి కొట్టుకోకుండా ఆపాడు.

మా సందు చివర ఒక చాచా ఉంటారు. నలభై ఏళ్ళు బేకరీ భట్టీ ముందు పని చేసిన మనిషి. నా అట్టముక్క తీసుకెళ్ళి చూపించాను. విరిచి చూసి, నవ్వకుండా ఉండడానికి ప్రయత్నించి, చివరికి నవ్వేశారు.

"బేటీ, డాల్డా రుచికోసం అనుకున్నవా? అది గోడ. పొరకూ పొరకూ నడుమ గోడ. లోపలి నీళ్ళు ఆవిరై పైకి తంతయ్, గోడ ఉంటే పొర లేస్తది. నువ్వు గోడ తీసేసినవ్, పొరలన్నీ అతుక్కున్నయ్."

"మరి కొవ్వు తగ్గించాలంటే ఎట్ల చాచా?"

"తగ్గించుడు కాదు. పల్చగ చెయ్యి. పొర ఎంత పల్చనైతే నెయ్యి అంత తక్కువ అడుగుతది. కానీ చెయ్యి ఎక్కువ అడుగుతది."

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. ఆస్ట్రియా దేశంలో ఆపిల్ స్ట్రూడెల్ అని ఒకటి చేస్తారని చదివాను. పదిహేడో శతాబ్దం చివరినాటి చేతిరాత వంటపుస్తకంలో స్ట్రూడెల్ వంటకం వియన్నాలో ఇప్పటికీ భద్రంగా ఉంది. తురుష్కుల బక్లావాకు అది చుట్టమంటారు. పిండిని కర్రతో ఒత్తరు. బల్లమీద గుడ్డ పరిచి, చేతులతో లాగి లాగి, కింది కాగితంలో అక్షరాలు కనిపించేదాకా సాగదీస్తారు. ఇది విని మా బెంచీలో కూర్చునే గోదావరి పిల్ల తేలిగ్గా చప్పరించేసింది. "ఇంతేనా! మా ఆత్రేయపురం పూతరేకు చూడలేదా నువ్వు?" అంది. నిజమే. బియ్యప్పిండి జావను బోర్లించిన కుండమీద గుడ్డతో ఒక్క లాగు లాగి కాగితంలాంటి రేకు తీసేవాళ్ళు మనవాళ్ళే. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పల్చదనం పాఠం పరదేశం నుంచి రానక్కర్లేదని సిగ్గుపడ్డాను.

మూడో ప్రయత్నం ఆదివారం పెట్టుకున్నాను. చేసేవాళ్ళుంటే లెక్క రాసుకోండి. మైదా 200 గ్రాములు, ఉప్పు చిటికెడు, నూనె ఒక పెద్ద చెంచా, నిమ్మరసం ఒక చిన్న చెంచా, గోరువెచ్చని నీళ్ళు అరగ్లాసుకు కొంచెం ఎక్కువ. పది నిమిషాలు బాగా పిసకాలి. పైన నూనె రాసి, మూతపెట్టి, గంటసేపు దానిజోలికి పోకూడదు. పిసికినప్పుడు మైదాలోని మాంసకృత్తులు బిగుసుకుంటాయి. గంట పడుకుంటే సడలి, చెప్పినట్టు సాగుతాయి. పరీక్షల ముందు విద్యార్థికీ ఇదే సూత్రం వర్తిస్తుందని నా అభిప్రాయం. లెక్చరర్లు మన్నించాలి.

ఈలోగా ఐదు ఆపిల్ పండ్లు తొక్కతీసి పల్చగా తరిగాను. మనకు దొరికే ఎర్రపండు ఒట్టి తీపి. ఉడికితే మెత్తబడి గుజ్జవుతుంది. అందుకే నిమ్మకాయ పిండి, చక్కెర మూడు చెంచాలే వేసి, దాల్చినపొడి, గుప్పెడు కిస్‌మిస్ కలిపాను. అరగంటకు ఊరిన నీళ్ళు వంచేశాను. ఆ నీళ్ళుంటే పొర తడిసిపోతుంది. మిగిలిన తడి పీల్చడానికి నాలుగు రస్కులు పొడిచేసి, పొడిగానే వేయించి పెట్టుకున్నాను.

ఇక గుడ్డ కావాలి. ఉతికిన నాయిన తెల్లపంచె బల్లమీద పరిచి, పైన కొంచెం మైదా చల్లాను. పిండిముద్ద మధ్యలో పెట్టి, గోళ్ళు తగలకుండా చేతివెనక భాగంతో లాగడం మొదలుపెట్టాను. ఒకవైపు లాగితే రెండోవైపు ముడుచుకుంటుంది. పంచె కూడా వెంట జరిగిపోతోంది. అమ్మ గుడికి పోయింది, తమ్ముడు క్రికెట్‌కు పోయాడు. "ఛ" అన్నాను పైకే.

కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నా పంచె మీద ఏం జేస్తున్నవ్?" నాయిన తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

అలవాటుగా "నువ్వు కూసో నాయినా" అనబోయాను. నోటిదాకా వచ్చిన మాట ఎందుకో మింగేశాను. "కొస పట్టుకో. నాకు రెండు చేతులు సాల్తలేవు" అన్నాను.

వచ్చాడు. రెండు కొసలు పట్టుకున్నాడు. నలభై ఏళ్ళు ఫైళ్ళు తిప్పిన వేళ్ళు, కాగితం చిరగకుండా తిప్పడం తెలిసిన వేళ్ళు. నాకన్నా ఓపికగా లాగాడు. ఒకచోట చిల్లు పడితే "గా మూలది తెచ్చి అతికియ్యి, లోపటికి మలుస్తం గద" అన్నాడు. బల్ల చుట్టూ తిరుగుతూ ఇద్దరం లాగాం. చివరికి పిండి కిందనుంచి పంచె ఎర్ర అంచు స్పష్టంగా కనిపించింది. నాయిన వంగి చూసి, "అక్షరాలెందుకు, అంచు కనవడ్డది సాలు" అన్నాడు. మూడు వారాల్లో అదే పెద్ద వాక్యం.

కరిగించిన నెయ్యి రెండు పెద్ద చెంచాలు. అందులో సగం పొరమీద రాసి, రస్కుపొడి చల్లి, ఒక అంచున ఆపిల్ పరిచాం. పంచె కొసలు ఎత్తితే పొర తనంతట తానే చాపలా చుట్టుకుంటూ పోయింది. మిగిలిన నెయ్యి పైన రాశాం. మా ఓవెన్‌కు వేడి చూపే ముల్లు లేదు. చాచా చెప్పిన చిట్కా ప్రకారం చిటికెడు మైదా పళ్ళెంలో వేసి లోపల పెట్టాను. వెంటనే నల్లబడితే వేడి ఎక్కువ, మెల్లగా బిస్కెట్టు రంగుకొస్తే సరి. నలభై నిమిషాలు కాలింది. నాయిన ఓవెన్ ఎదుటే స్టూలు వేసుకుని, రైలుకోసం చూసినట్టు కూర్చున్నాడు.

మొత్తం కొవ్వు నూనె, నెయ్యి కలిపి నలభై గ్రాముల పైచిలుకు. బేకరీ లెక్కలో మూడో వంతు కూడా కాదు. పది ముక్కలు చేస్తే ముక్కకు నాలుగు గ్రాములు. పైగా డాల్డా లేదు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ నూటికి రెండు మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది కూడా. అయినా ఇది మందేం కాదు. మైదా మైదాయే, చక్కెర చక్కెరే. డాక్టరుగారిని అడిగితే "ఎప్పుడో ఒకసారి, ఒక్క ముక్క" అన్నారు. మేమూ అంతకు మించలేదు.

నాయిన కొరికాడు. పొట్టు ఒడిలో రాలింది. చాలాసేపు నమిలాడు. అబద్ధం చెప్పే మనిషి కాడు.

"ఆబిడ్స్ దాని లెక్క లేదు బిడ్డా."

నా ముఖం చూసి మళ్ళీ అన్నాడు: "గది తిన్నంక మంచినీళ్ళు తాగి పండుకోవాలనిపిస్తది. ఇది తిన్నంక అట్ల నడిచొద్దామనిపిస్తుంది."

ఆ సాయంత్రం నిజంగానే స్టేషన్ దాకా నడిచి వచ్చాడు. నేను వెంట పోలేదు. అమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసింది.

తేలిక అంటే తీసేయడమని మేం అనుకున్నాం. పిండిలో నెయ్యి తీసేశాం, నాయిన చేతిలో పని తీసేశాం. రెండూ అట్టలయ్యాయి. పల్చగా చేయాలంటే ఇంకో రెండు చేతులు కావాలన్న సంగతి చాచా చెప్పనే చెప్పారు. నాకే ఆలస్యంగా అర్థమైంది.

నవంబరు ఒకటిన నాయిన సంచీ పట్టుకుని బయల్దేరాడు. దూరం నుంచి వెంబడించాను, దాచనెందుకు? స్టేషన్ రోడ్డుమీద బండి దగ్గర ఆగి, ఒక్కో పండూ నొక్కి చూసి ఐదు ఏరాడు. తూకం వేస్తూ బండివాడు మర్యాదగా అడిగాడు: "ఎవరికి బాగాలేదు సార్?"

"అందరు బాగున్నరు" అన్నాడు నాయిన. "పేస్ట్రీకి."