చెఱువూ చెరువూ ఒకేచోట దొరకాలి

8 జనవరి 2012

మండల గ్రంథాలయంలో కంప్యూటరుంది, నెట్ లేదు. భారతం, భాగవతం సీడీలో ఇమ్మని లైబ్రేరియన్ గారు అడిగారు. మలయాళం వాళ్లు 2010లోనే వికీపీడియా నుంచి 500 వ్యాసాలు ఏరి సీడీ వేశారు, పోయినేడు వికీసోర్స్ పుస్తకాలతో ఇంకొకటి. మనమూ చేయాలి.

చోటుకు కొదవ లేదు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు మూడు బైట్లు; 700 మెగాబైట్ల సీడీలో ఇరవై కోట్లకు పైగా పడతాయి. స్కాన్ చేసిన పేజీలు పెడితే ఇట్టే నిండుతుంది, పైగా వాటిలో మాట వెతకలేం.

15 జనవరి

సంక్రాంతి. ఇంటినిండా చుట్టాలు.

22 జనవరి

అసలు కష్టం వెతుకులాటలోనే. పాత ప్రతిలో ‘వాఁడు’ ఉంటుంది, చదువరి ‘వాడు’ అని కొడతాడు. కంప్యూటరుకు అవి వేర్వేరు మాటలు. ‘చెఱువు’, ‘చెరువు’ సంగతీ అంతే. పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ నక్కి ఉంటే ఆ మాట అసలే దొరకదు.

అరసున్నలు తీసేసి, బండిరలన్నీ మామూలు ‘ర’లు చేసేయమని మిత్రుడి సలహా. ఒప్పుకోను. పద్యం ప్రతిలో ఉన్నట్టే తెరమీద కనబడాలి. సడలింపంతా వెతుకులాట కోసం విడిగా తయారుచేసే సూచికలోనే: అక్కడ అరసున్న పోతుంది, ‘ఱ’ ‘ర’ అవుతుంది, కనబడని గుర్తులు రాలిపోతాయి. చదువరి కొట్టిన మాటనూ అలాగే మార్చి పోల్చాలి.

సంధులు మిగిలాయి. పద్యంలో మాటలు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఖాళీల దగ్గర తుంచిన సూచిక చాలదు, మాట నడుమ కూడా గాలించాలి. సంధిలో అక్షరమే మారిపోయిన చోట అదీ పట్టదు. ఆ సంగతి సహాయం పేజీలో రాస్తాను.

5 ఫిబ్రవరి

గ్రంథాలయంలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. తెలుగు సరిగా కనబడాలంటే ముందు భాషల సెట్టింగు మార్చాలి. అందుకు విండోస్ సీడీ అడుగుతుంది. ఆ సెట్టింగు మార్చకపోతే గుణింతాలు, వత్తులు విడిపోతాయి. ఎలా మార్చాలో చూపిస్తూ బొమ్మలతో ఒక పేజీ తయారుచేశాను. ‘పోతన 2000’ ఫాంటు కూడా సీడీలో పెట్టాను.

12 ఫిబ్రవరి

లైబ్రేరియన్ గారు శ్రీపాద కథలు కూడా అడిగారు. ఆయన పోయింది 1961లో. రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కులుంటాయి. అంటే 2021 చివరిదాకా ఆగాలి. గురజాడ, వీరేశలింగం, చిలకమర్తి రచనలకు అడ్డు లేదు.

19 ఫిబ్రవరి

గూటెన్‌బర్గ్ ప్రాజెక్టు 2003లో సీడీ తెచ్చి, కాపీలు తీసి పంచమంది. మన సీడీ మీదా అదే అచ్చువేయించాలి. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడం ఇంకా మిగిలింది.