సగము సొరకాయ



ఈ నెల నేను మీతో ముచ్చటింపబోవునది ఒక సొరకాయను గూర్చి. ఇంత చిన్న సంగతికి ఇన్ని మాటలెందుకని కొందరు అనుకొనవచ్చును. అయినను ఒంటరిగా వండుకొని తినువారు మన వీధులలో నానాటికి ఎక్కువగుచున్నారు. పిల్లలు దూరదేశములలో నుండగా ఊరిలో మిగిలిన తలిదండ్రులును, చదువు నిమిత్తము గది అద్దెకు తీసికొన్న విద్యార్థులును, ఉద్యోగము కొరకు ఇల్లు విడిచి వచ్చినవారును ఎందరో యున్నారు. వారిలో ఒక్కరికైనను నా తప్పు ఉపయోగపడునేమో యని ఇది వ్రాయుచున్నాను.

నేను తిరుపతిలో రెండు గదుల ఇంటిలో కాపురమున్నాను. ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించినవాడను. పిల్లలిద్దరును బెంగుళూరులో స్థిరపడిరి. 2018వ సంవత్సరము మొదటిలో నా భార్య కన్ను మూసెను. అంతవరకు వంట ఆమెది. శుక్రవారము సాయంకాలము సంచి పట్టుకొని ఆమె వెంట కూరగాయల అంగడికి పోవుట మాత్రము నాది. అర కిలో వంకాయలు, అర కిలో బీరకాయలు, కిలో టమాటాలు, పావు కిలో మటిక్కాయలు, రెండు కట్టలు ఆకుకూర, ఒక సొరకాయ. ఇది ఆమె లెక్క. పిల్లలు ఇంటికి వచ్చినను రాకున్నను ఆ లెక్క మారలేదు. దేనిని ఏ దినమున వండవలెనో, దేనిలో కొంత ఎవరి ఇంటికి పంపవలెనో ఆమె ఎరిగియుండెను.

ఆమె పోయిన తరువాత నేనును ఆ లెక్క ప్రకారమే కొనుచు వచ్చితిని. ఒక్క మనిషికి ఇంత ఎందుకని అంగడివారు అడుగలేదు, నేనును ఆలోచింపలేదు. సంచి తేలికయైనచో ఇంటిలో ఒక మనిషి లేదని ఒప్పుకొన్నట్లగునని నా మనస్సులో ఉండెనేమో. శనివారము ఏదో ఒక కూర వండుదును. ఆదివారమును దానినే తిందును. సోమవారము నుండి పొయ్యి వెలిగించుటకు మనసొప్పెడిది కాదు. అన్నములో మజ్జిగ పోసికొని, ఊరగాయ నంజుకొని లేచిపోవుదును. బుధవారమునకు ఆకుకూర నల్లని ముద్దయగును. వంకాయలు ముడుతలు పడును. టమాటాలు నీరు కారును. గురువారము చీకటి పడిన తరువాత వాటినన్నిటిని మూటగట్టి వీధి చివరనున్న చెత్తతొట్టిలో వేసి వచ్చెడివాడను. పగటివేళ వేయుటకు సిగ్గు. శుక్రవారము మరల సంచి పట్టుకొందును.

ఇట్లు ఏడాదికి పైగా గడిచెను. ఒక దినము మెట్లు దిగుచుండగా కన్నులు తిరిగి కూలబడితిని. డాక్టరు పరీక్ష చేయించి, రక్తము తగ్గినదని చెప్పెను. "ఆకుకూరలు, కూరగాయలు తింటున్నారా?" అని అడిగెను. "అన్నీ తింటున్నానండీ" అని తడవుకొనక చెప్పితిని. ఇంటికి వచ్చు దారిలో ఆ మాట నన్ను గుచ్చెను. అబద్ధమాడవలెనని నేను ఆడలేదు. కొన్నదంతయు తిన్నట్లే నాకు లెక్క. సంచి నిండినది గనుక కడుపు నిండినదనుకొంటిని.

సొరకాయ సంగతి ఆ వారములోనే జరిగెను. చంద్రగిరి తట్టు, స్వర్ణముఖి ఒడ్డునున్న పల్లె నుండి ఒకామె గంపతో మా వీధికి కూరగాయలు తెచ్చును. ఒంటిలో ఓపిక లేక, ఆ వారము బజారునకు పోక, ఆమెయొద్దనే ఒక సొరకాయ కొంటిని. మెడ కొక్కెమువలె వంకర తిరిగిన కాయ. అడుగున ఒక చెక్క కోసి వండి, మిగిలిన కాయను వంటింటి గట్టుమీద పెట్టి మరచితిని. నాలుగవ నాటికి కోసిన చోట బూజు పట్టి వాసన వచ్చెను. రాత్రివరకు ఆగలేక, ఉదయమే చెత్తబండి వచ్చినప్పుడు చేత పట్టుకొని వాకిటికి పోతిని. ఆమె అప్పుడే గంప దించుచుండెను. కాయ మెడ చూచి పోల్చుకొనెను.

"అయ్యవారూ, ఇది నేను తెచ్చిన కాయ గదా!" అనెను. కొంచెము సేపటికి మెల్లగా, "తెల్లారక ముందే కోసి, నెత్తిన పెట్టుకొని తెచ్చినాను. ఒక్కరికి ఇంత కాయ వద్దని చెప్పింటే సగమే కోసిచ్చింటాను గదా" అనెను.

ఆమె కోపపడినట్లయితే నేనును ఎదురు చెప్పియుందునేమో. ఆమె నొచ్చుకొనెను. డబ్బిచ్చి కొన్నాను గనుక అది నా వస్తువే, పారవేసినను నా ఇష్టమే అని అంతవరకు నా తలంపు. తీగకు ఆమె పోసిన నీళ్లును, ఆమె చాలించుకొన్న నిద్రయు, ఆమె మెడనొప్పియు ఆ కాయలో ఉన్నవని ఆ దినమే తెలిసెను.

"మిగతా సగం ఎవరు తీసుకుంటారమ్మా?" అని అడిగితిని.

"ఎదురింటమ్మ కూడా ఒక్కతే గదా! కాయ పెద్దదని ఆయమ్మ ఎప్పుడూ వద్దంటుంది. మీరిద్దరూ చెరి సగం తీసుకోండి" అనెను.

మా ఎదురింట నర్సుగా పనిచేసి విరమించిన అక్కయ్య ఒకరు ఒంటరిగా ఉన్నారు. పది యేండ్లుగా ఎదురెదురుగా ఉండియు, కనబడినప్పుడు ఒక నమస్కారము తప్ప మా నడుమ మాట లేదు. కాయ పెద్దదని ఆమె కొనక మానెను. నేను కొని పారవేసితిని. ఒక్క సొరకాయయే ఇద్దరిని చెరియొక విధముగా పస్తు పెట్టెను. ఆ దినము మొదలుకొని సొరకాయ, గుమ్మడి చెక్క, క్యాబేజీ, కంద వంటి పెద్దవి ఏవైనను ఇరు ఇండ్లకు చెరి సగము.

అక్కయ్య నాకు లెక్క నేర్పెను. పెద్దవారు దినమునకు కూరగాయలును పండ్లును కలిపి కనీసము 400 గ్రాములు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఉర్లగడ్డ ఆ లెక్కలోనికి రాదు. అనగా వారమునకు 2 కిలోల 800 గ్రాములు. అందులో పండ్లు తీసివేసినచో ఒక్క మనిషికి రమారమి రెండు కిలోల కూరలు చాలును. నేను కొనుచుండినది నాలుగు కిలోలు. తినుచుండినది అందులో పావు భాగమైనను కాదు. ఒకటిన్నర కిలోల సొరకాయ నొక్కడే తినవలెనన్నచో వారమంతయు అదియే పట్టును. మరి దేనికిని చోటుండదు. కావున ఒంటరివానికి పలురకములు కావలెనన్నచో తునకలుగా కొనవలెను.

పలురకములు ఎందుకని అడిగితిని. ఆకుకూరలు ఇనుమును ఫోలేటును ఇచ్చును. పచ్చని గుమ్మడి, క్యారెట్టులలో మన ఒంటిలో విటమిన్ 'ఏ'గా మారు పదార్థమున్నది. చిక్కుడు, అలసంద గింజలలో మాంసకృత్తులున్నవి. నిమ్మ, ఉసిరికలలోని విటమిన్ 'సి' ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టుటకు తోడ్పడును. ఒకటి చేయు పని మరియొకటి చేయదు. మన దేశములో ఈ ఆహార పరిశోధన 1918లో కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుని చేతిమీదుగా ఒక్క గదిలో ఆరంభమయ్యెనట. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. ఇంత పరిశోధన జరిగిన దేశములో చదువుకొన్నవాడనైన నేను మజ్జిగన్నముతో రక్తము పోగొట్టుకొంటిని.

ఇప్పుడు నా పద్ధతి చెప్పెదను. గంప ఆమె నాకు రెండు వంకాయలు, పిడికెడు మటిక్కాయలు, ఒక మునక్కాయ, ఒక క్యారెట్టు, చిన్న గుమ్మడి తునక కలిపి తూచి ఇచ్చును. ఇవన్నియు ఒక్క కుండలో వేసి ముక్కల పులుసు పెట్టినయెడల ఒక్క పూటలో అయిదు రకములు తిన్నట్లగును. ఒక్కొక్క దానిని వేరువేరుగా వండబోయినచో అయిదు గిన్నెలు మిగిలి అయిదును చెడును.

వండుటకు వరుస యున్నది. ఆకుకూర మొదటి రెండు దినములలో ముగియవలెను. తరువాత బెండ, బీర, వంకాయ. ఆ తరువాత క్యారెట్టు, క్యాబేజీ. కోయని గుమ్మడియు, కందయు, ఎర్రగడ్డలును చివరివరకు ఆగును. ఆకుకూరను కడిగి తడితో దాచరాదు. వేళ్లు కోసి, పొడిబట్టలో చుట్టి ఉంచి, వండునప్పుడే కడుగవలెను. మాగిన అరటిపండ్ల ప్రక్కన దానిని ఉంచరాదు. ఆ పండ్లనుండి వెలువడు ఇథిలీన్ అను వాయువు ఆకును త్వరగా పండబార్చును.

నా చిన్నతనములో మా ఊరి ఇంట చెక్కు, తొడిమ, బియ్యము కడిగిన నీళ్లు అన్నియు కుడితి తొట్టిలో పడి బఱ్ఱెకు పోయెడివి. పట్టణపు ఇంటిలో బఱ్ఱె లేదు. కాబట్టి సొరకాయ, బీరకాయ చెక్కును వేయించి, చెనిగ్గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు చేర్చి పచ్చడి నూరుచున్నాను. సంగటిలో దానికి మించినది లేదు. కొత్తిమీర కాడలు చారులో వేయుదును. ఎండకాలమున మిగిలిన వంకాయలను, మటిక్కాయలను ఉప్పు పట్టించి మిద్దెమీద ఎండబెట్టి ఒరుగులు చేయుదుము. మన సీమ ఎండను అందరును తిట్టుదురు గాని, ఒరుగులకు అంత మంచి ఎండ మరెక్కడ దొరకును? 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలై, గంప ఆమె కొన్ని వారములు రాలేకపోయినప్పుడు, ముందటి వేసవిలో చేసిన ఆ ఒరుగుల డబ్బాయు, అక్కయ్య అటకమీది గుమ్మడికాయయు మా రెండిండ్లకు అక్కరకు వచ్చెను.

ఇంత శ్రమ ఎందుకు, కూరగాయ ఎంత ఖరీదని మీరనవచ్చును. మదనపల్లె టమాటా మార్కెట్టును మీరెరుగుదురు. 2023 జూలై నెలాఖరున అక్కడ కిలో ధర 200 రూపాయల దరికి ప్రాకెను. కొద్ది వారములకే మరల పడిపోయెను. ధర లేనప్పుడు కోతకూలియైనను రాదని రైతులు పండును చేలలోనే విడిచిపెట్టుటయు, దారి ప్రక్కన పారబోయుటయు మనము చూచినదే. 2022లో ప్రపంచమంతట 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదనియు, అందులో సగముకంటె ఎక్కువ ఇండ్లలోనే వ్యర్థమైనదనియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించెను. రైతు పారబోసినది కడుపు మండి పారబోసినది. దానిని నేను సరిదిద్దలేను. చీకటిలో నేను మూటగట్టి వేసినది నా చేతిలోని పని.

చలికాలము వచ్చినప్పుడు అనపకాయలు వచ్చును. గింజలు రాత్రి నానబెట్టి, తెల్లవారి ఒక్కొక్క గింజను వ్రేళ్లతో పితికి పప్పు తీయవలెను. ఒక్కనికి అది ఓపికకు మించిన పని. మా అక్కయ్య అరుగుమీద ఇద్దరము కూర్చుండి పితుకుదుము. గంప ఆమె ఆ దారిని వచ్చినచో, కూర్చుండి పది గింజలు పితికి పోవును. ఆ పూట పితికిపప్పు పులుసు ముగ్గురికిని. నా భార్య ఏ కూర ఎవరింటికి పంపవలెనో ఎరిగియుండెనని పైన వ్రాసితిని. ఆమె లెక్కలో నేను నేర్చుకొనక విడిచినది ఆ భాగమే. కొనుట నేర్చితిని, పంచుట నేర్వలేదు.

అయిదు వేలమంది తిని తృప్తిపొందిన తరువాత మిగిలిన ముక్కలను ఏరించిన ప్రభువు వృత్తాంతము మీరందరు చదివినదే. పండ్రెండు గంపలు నిండెను. అంత సమృద్ధి కలుగజేయగలవానికి ముక్కలతో పనియేమని చిన్నప్పుడు అనుకొనెడివాడను. సమృద్ధి ఎవరి చేతిలోనుండి వచ్చెనో తలంచువాడు ముక్కను పారవేయడని ఇప్పుడు తోచుచున్నది.

మొన్న మరల డాక్టరు దగ్గరకు పోతిని. రక్తము పెరిగినదని చెప్పి, "ఏమి తింటున్నారు?" అని అడిగెను. ఈసారి తడవుకొని చెప్పితిని. ఆ వారము తిన్న కూరలను వ్రేళ్లమీద లెక్కించితిని. పదునాలుగు వచ్చెను.

చదువరులారా, మీ వీధిలో ఒంటరిగా వండుకొనువారు ఎవరైనను ఉన్నారేమో చూడుడు. ఈ శుక్రవారము ఒక సొరకాయ కొని, చెడకముందే కోసి, సగము వారి వాకిటికి తీసికొని పొండు.