వందేళ్ళ వానను లెక్కగట్టే ఊళ్ళో

డెన్వర్‌లో విమానం దిగి బోల్డర్ వైపు బస్సులో పోతుంటే ఎదురుగా రాకీ కొండలు, చుట్టూ ఎండిన గడ్డి. సముద్రానికి మైలు ఎత్తున ఉన్న నేల కాబట్టి గాలి మహా పొడి. విజయవాడ ఉక్కపోతకు అలవాటుపడిన నాకు గంటలోనే పెదాలు పగిలాయి. "వానల లెక్క నేర్చుకోడానికి ఇక్కడికొచ్చావా అత్తా?" అని నవ్వింది నా మేనకోడలు. బోల్డర్‌కి గంట దూరంలో ఉన్న ఫోర్ట్ కాలిన్స్‌లో, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది.

2024లో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్ నగర్‌ని ముంచినప్పటి నుంచీ నన్ను ఒకే ప్రశ్న పట్టుకుంది: ఇంత వాన మళ్ళీ ఎన్నాళ్ళకి? అలాంటి ప్రశ్నల కోసమే 'ఆర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'ఎక్స్‌ట్రీమ్స్' అనే ప్యాకేజీ ఉంది. దాన్ని బోల్డర్‌లోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రంలో తయారుచేశారు. నేర్చుకునేవాళ్ళ కోసం అందులో పెట్టిన వానల పట్టిక ఫోర్ట్ కాలిన్స్‌ది. లెక్క ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు. కానీ ఆ అంకెల వెనకున్న వాగును చూడకుండా ఉండలేకపోయాను.

పరిశోధన కేంద్రం ఊరి చివర కొండ మీద ఉంది. ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పై 1960లలో కట్టిన భవనం, కొండరాయి రంగులోనే ఉంటుంది. లోపల ఏ మెట్లెక్కి ఎటు తేలతామో తెలీదు. సందులాంటి నడవాల్లో తిరిగి తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చాను. శాస్త్రవేత్తలు దారిలో ఒకరికొకరు తారసపడాలనే అలా కట్టించారట. దారి తప్పడం అంత సరదాగా ఉంటుందని అక్కడే తెలిసింది. మీరు వెళ్తే, తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని ఒక పూట చేతిలో పెట్టుకోండి.

మధ్యాహ్నం దుషాంబే టీహౌస్‌కి వెళ్ళాం. తజికిస్తాన్ పనివాళ్ళు చేత్తో చెక్కి, రంగులేసి, విడిభాగాలుగా పంపిన కట్టడం అది. పైకప్పు చూస్తూ టీ చల్లారబెట్టుకున్నాను. మన అల్లం టీ ఘాటు లేదు గానీ సువాసన బాగుంది. పక్కనే బోల్డర్ క్రీక్. మోకాలి లోతు నీళ్ళు, గులకరాళ్ళు, కాళ్ళు తడుపుకుంటున్న పిల్లలు. ఆ ఒడ్డునే వరదల పండితుడు గిల్బర్ట్ వైట్ స్మారకంగా ఒక స్తంభం ఉంది. యాభై ఏళ్ళ వరద, వందేళ్ళ వరద, అయిదొందల ఏళ్ళ వరద ఎంత ఎత్తుకి వస్తాయో దానిమీద గుర్తులున్నాయి. తల పైకెత్తితే తప్ప పై గుర్తులు కనిపించలేదు.

"వందేళ్ళకోసారి వస్తుందనా?" అన్నాను.

"కాదత్తా. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ముప్ఫై ఏళ్ళ లోను పెట్టి ఇల్లు కొన్నావనుకో, లోను తీరేలోగా ఆ నీళ్ళు కనీసం ఒక్కసారి రావడానికి అవకాశం నూటికి ఇరవై ఆరు."

సింగ్ నగర్‌లో లోన్లు కడుతున్న మా వాళ్ళంతా గుర్తొచ్చారు.

రాత్రికి ఫోర్ట్ కాలిన్స్ చేరి, 'గ్రీన్ చిల్లీ' అనే పచ్చిమిరప పులుసు పోసిన బరీటో తిన్నాం. మన కారానికి సరితూగదు గానీ, కాల్చిన మిరప వాసన మాత్రం మనదే. తిన్నాక లాప్‌టాప్‌లో ఆ ఫోర్ట్ కాలిన్స్ పట్టిక తెరిచాం. 1900 నుంచి 1999 దాకా రోజువారీ వాన, ముప్ఫై ఆరు వేల పైచిలుకు వరసలు. ఎక్కువ భాగం సున్నాలే. ఏడాదికొక్కటి చొప్పున అతి పెద్ద వానను ఏరితే వంద అంకెలు మిగిలాయి. చాలావరకు ఒకటి, రెండు అంగుళాల దగ్గరే గుమిగూడాయి. 1997 మాత్రం 4.63 అంగుళాలతో, అంటే దాదాపు 11.8 సెంటీమీటర్లతో, విడిగా నిలబడింది.

సగటు చుట్టూ తిరిగే మామూలు గంట ఆకారపు లెక్కకి అలాంటి వాన దాదాపు అసాధ్యం. గరిష్ఠాల తీరు వేరు. వాటి వక్రరేఖలు మూడు రకాల్లో ఒకదానిలోకి ఒదుగుతాయని ఫిషర్, టిప్పెట్ 1928లో చూపించారు. ఒక్క వరస ఆదేశం కొడితే మూడు అంకెలొచ్చాయి: వక్రరేఖ ఎక్కడుంది, ఎంత వెడల్పు, తోక ఎలాంటిది. అసలు కథంతా మూడోదానిలోనే ఉంది. అది సున్నాకి తక్కువైతే వానకి పై హద్దు ఉన్నట్టు. ఇక్కడ 0.17 వచ్చింది. అంటే తోక లావు, పై హద్దు లేదు. ఈ లెక్కన వందేళ్ళ వాన 5.1 అంగుళాలు. 1997 వాన సుమారు అరవై అయిదేళ్ళది.

"ఆ ఒక్క అంకె చూసి ఆగిపోకు, పక్కనున్న హద్దులు చూడు" అంది పిల్ల. దాదాపు నాలుగు నుంచి ఏడెనిమిది అంగుళాల దాకా ఎంతైనా కావచ్చట. వందేళ్ళ రికార్డు ఉన్నా అంతకంటే గట్టిగా చెప్పలేం. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది. వంతెన ఎత్తు నిర్ణయించేవాళ్ళ ముందు ఉండాల్సింది ఆ హద్దులే.

పొద్దున్నే ఆ ఊరి స్ప్రింగ్ క్రీక్ వాగు చూశాను. బుడమేరు కంటే చిన్నది, కొన్నిచోట్ల ఒక్క అంగలో దాటొచ్చు. 1997 జూలై 28 రాత్రి ఇదే పొంగింది. రైలుకట్ట వెనక నిలిచిన నీరు కట్ట మీదుగా దూకి, కింద ఉన్న ట్రైలర్ ఇళ్ళ మీద పడింది. అయిదుగురు చనిపోయారు. యూనివర్సిటీ లైబ్రరీలో లక్షలాది పుస్తకాలు మునిగాయి. ఊరి నైరుతి కొసన 31 గంటల్లో పడింది 14.5 అంగుళాలు, ఇంచుమించు ఆ ఊరి ఏడాది వాన. మన పట్టికలో ఆ రోజుకి ఉన్నది 4.63! వాన కొలిచే గేజి ఉన్న చోట పడిన వానే లెక్కకి కనిపిస్తుంది, ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా సరే.

ఆ పాఠం నుంచే 1998లో ఇక్కడ 'కోకోరాస్' అనే స్వచ్ఛంద వాన కొలతల బృందం పుట్టింది. ఒక పెద్దాయన తన పెరట్లోని గేజి చూపించారు. నాలుగంగుళాల వెడల్పు గొట్టం, లోపల సన్నని గొట్టం. అంగుళం వాన పడితే లోపలిది పదంగుళాల ఎత్తుకి నిండుతుంది కాబట్టి అంగుళంలో నూరో వంతు కూడా చదవొచ్చు. అంతకు మించితే బయటి గొట్టంలోకి పొర్లుతుంది. రోజూ ఉదయం ఏడింటికి చూడాలి. చుక్క పడకపోయినా సున్నా రాయాలి. ఆ ఉదయం ఆయన రాసింది సున్నానే, ఎంతో శ్రద్ధగా.

మీరు వెళ్తే జూలై, ఆగస్టుల్లో వెళ్ళండి, పాలిసేడ్ పీచ్ పళ్ళు దొరుకుతాయి. మీ ఊరి వాన రికార్డు ఎన్నేళ్ళది దొరికితే అన్నేళ్ళదీ వెంట తీసుకెళ్ళండి, అక్కడే కూర్చుని మన వందేళ్ళ వాన కట్టి చూడొచ్చు. రికార్డు లేదంటారా, మీ డాబా మీద ఇవాళే ఒక గేజి పెట్టి సున్నాలు రాయడం మొదలుపెట్టండి. మన మనవల లెక్కకి అవే పనికొస్తాయి.