అమ్మ కడియాలు, రాజుగారి వెండి

మా ఇంట్లో వెండి అంటే అమ్మ కాళ్ల కడియాలే. షోలాపూర్‌లో బాపు పనిచేసిన మిల్లు మూతపడ్డ ఏడాది అవి సావుకారి దగ్గర కుదువకు పోయినయి. "గ్రాట్యుటీ రాంగనే విడిపిస్త" అన్నడు బాపు. పైసలు పదకొండేండ్లకు వచ్చినయి, అవీ సగమే. అప్పటికి వడ్డీ కడియాలను మింగేసింది.

మా అబ్బాయి జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లో చదువుతున్నడు. మొన్న మ్యూజియంలో చూసిన వెండి నాణెం ఫోటో పంపిండు. "నాన్నా, దీని పేరు ల్యోజర్. అరచెయ్యి నిండా పడుతది."

అప్పట్లో జర్మనీ ఒక్క దేశం కాదు, చిన్న చిన్న రాజ్యాలు. అందులో ఒకదాన్ని ఏలిన డ్యూక్ యూలియుస్ 1574లో ఈ నాణెం కొట్టించిండు. నడుమ ఆయన బొమ్మ, చుట్టూ గ్రహాలు, రాశులు. వెండి హార్ట్స్ కొండల గనులది. మామూలు థాలర్ 29 గ్రాములు ఉంటే, పది థాలర్ల ల్యోజర్ దాదాపు పాతిక తులాలు! ఎవరి ఆస్తిని బట్టి వాళ్లు కొనాలి. ఖర్చు పెట్టకుండా ఇంట్లో దాచాలి. రాజ్యానికి కష్టమొస్తే తెచ్చి చూపాలి. తర్వాత తర్వాత చాలావరకు కరిగిపోయినయి, అందుకే మిగిలినవి అంత అరుదు.

వందేండ్ల తర్వాత కొట్టిన కొన్నిటి మీద గని బొమ్మ ఉంది. కింద కూలీలు పనిచేస్తుంటరు. పైన గుర్రం దుంకుతుంటది, మబ్బుల్లోంచి ఒక చెయ్యి వచ్చి దానికి దండ పెడుతుంటది. దండ గుర్రానికే, కూలికి కాదు. అది చూసి నవ్వొచ్చింది, ఆ వెంటనే బాపు యాదికొచ్చిండు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాజు జనం ఇంట్లో వెండి పెట్టించి, తాళం తన దగ్గర పెట్టుకున్నడు. బాపు కష్టం మిల్లు పుస్తకంలో ఉండె, తాళం వాళ్ల దగ్గరే ఉండె. అమ్మ వెండి ఒక్కటే అమ్మ చేతిలో ఉండె. ఎవరూ అడగకముందే తనే సబ్బు రాసి ఇప్పింది. "కాళ్లు తేలికైనయి బిడ్డా" అని నవ్వింది. ఆ నవ్వు అబద్ధమని నాకు తెలుసు. కడియాల మచ్చ ఆమె కాళ్ల మీద చివరిదాకా పోలేదు.

నా మొదటి పగారుతో కొత్తవి చేయిస్తనని అమ్మకు మాటిచ్చిన. చేయించలే. ముందు చెల్లె పెండ్లి వచ్చింది, తర్వాత మగ్గం అప్పు.

అక్కలారా, అన్నలారా, మీ ఇంట్లో పాత ఫండు కాయితాలు, పాసుబుక్కులు ఉంటయి. ఈ ఆదివారం పెట్టె తెరిచి ఒకసారి చూసుకోండి. అమ్మ ఇంకా ఉంటే, ఆమె ఏం కుదువ పెట్టిందో కూడా అడగండి.