తేయాకు కొండల మీద నాలుగు రోజులు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా హైదరాబాదులో ఆ మర్నాటి నుంచే ఎండలు మొదలు. విద్యానగర్‌లో పై అంతస్తు వాటాల్లో ఉండేవాళ్ళకి ఏప్రిల్ నెల ఎలా గడుస్తుందో నేను చెప్పక్కర్లేదు. పిల్లల పరీక్షలు అయిపోగానే ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట, "ఎక్కడికైనా చల్లటి చోటికి పోదాం" అని. అప్పుడు ముందుగా గుర్తొచ్చేది ఊటీయే.

ఊటీ వెళ్ళొచ్చినవాళ్ళని అడిగితే సరస్సులో బోటు షికారు, గులాబీ తోట, చాక్లెట్లు, ఇవే చెప్తారు. రోజుకి రెండు పూటలా మన పొయ్యి మీద మరిగే టీ ఎక్కడ పుడుతుందో, ఎవరి చేతుల మీదుగా వస్తుందో చూసొచ్చినవాళ్ళు తక్కువ. మావారు, మా అత్తయ్యగారు, ఇంటర్ పరీక్షలు రాసిన మా అమ్మాయి, నేను - నలుగురం ఈసారి అది కూడా చూద్దామనే బయల్దేరాం.

ప్రయాణం

మాకు కాచిగూడ స్టేషన్ ఆటోలో పది నిమిషాలు. అక్కడ సాయంత్రం మైసూరు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్నకి మైసూరులో దిగొచ్చు. పులిహోర, పెరుగన్నం కట్టుకుపోయాం కాబట్టి రాత్రి భోజనానికి వెతుక్కోలేదు. మైసూరు నుంచి ఊటీ సుమారు 125 కిలోమీటర్లు. గుండ్లుపేట దాటగానే బండీపూర్ అడవి, ఆ తర్వాత ముదుమలై అడవి వస్తాయి. జింకలు రోడ్డు పక్కనే మేస్తూ కనిపిస్తాయి. జంతువుల కోసం ఈ దారిని రాత్రి 9 నుంచి పొద్దున్న 6 దాకా మూసేస్తారు. అందుకని పగలే ప్రయాణం పెట్టుకోవాలి.

గూడలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే చెవులు దిబ్బడ వేస్తాయి, గాలి మారిపోతుంది. కొండలన్నీ ఎవరో కత్తెరతో సమంగా కత్తిరించినట్టు పచ్చగా ఉంటాయి. అవే తేయాకు తోటలు. మధ్యమధ్య పొడుగ్గా నిలబడ్డవి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు. దారిలోనే నీలగిరి చెట్ల తోపులు. జలుబు చేస్తే రుమాలు మీద వేసి పీల్చే నీలగిరి తైలం వీటి ఆకులదే. ఇవి ఆస్ట్రేలియా చెట్లు, ఇంగ్లీషువాళ్ళు వంటచెరకు కోసం తెచ్చి ఈ కొండల మీద నాటారు. మనమేమో ఆ చెట్టుకి ఈ కొండల పేరే పెట్టేసుకున్నాం.

ఊటీ

ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1822లో ఇక్కడ రాతి బంగళా మొదలుపెట్టాడు. ఊరు అక్కణ్ణుంచి పెరిగింది. అంతకు ముందు నుంచీ ఈ కొండలు తోడాలు, కోటలు, బడగలు ఉంటున్న కొండలే.

1848లో మొదలైన బొటానికల్ గార్డెన్‌కి ఒక పూట కేటాయించుకోండి. రెండు కోట్ల ఏళ్ళ నాటి రాయిగా మారిన చెట్టు మొద్దు అక్కడే ఉంది. ఓపిక ఉన్నవాళ్ళు 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరం చూసి రావచ్చు.

కుట్టుపని ఇష్టపడే చెల్లెళ్ళకి ఒక మాట. తోడా స్త్రీలు తెల్లటి ముతక నూలు గుడ్డ మీద ఎరుపు, నలుపు దారాలతో చేసే కుట్టు తప్పకుండా చూడండి. పెన్సిల్ గీత ఉండదు, అచ్చు ఉండదు. గుడ్డ పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. వెనక వైపు తిప్పి చూసినా ముందెంత అందంగా ఉందో అంత అందంగానూ ఉంటుంది. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ధర ఎక్కువనిపించినా, ఒక్క శాలువాకి ఎన్ని రోజుల కళ్ళు పెట్టారో తలుచుకుంటే బేరమాడబుద్ధి కాదు.

బుల్లి రైలు

ఊటీ నుంచి కూనూరుకి 19 కిలోమీటర్లు బుల్లి రైల్లో వెళ్ళాం. మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా మొత్తం దారి 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు, 208 మలుపులు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేశారు. కల్లార్ నుంచి కూనూరు వరకు ఏటవాలు మరీ ఎక్కువ కాబట్టి, పట్టాల మధ్య పళ్ళున్న మరో పట్టా ఉంటుంది. ఇంజను పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

దారిలో కేతి స్టేషన్ రాగానే అత్తయ్యగారు కిటికీలోంచి తల బయట పెట్టారు. 1982లో వచ్చిన "వసంత కోకిల" సినిమా చివర్లో కమల్‌హాసన్ శ్రీదేవి కోసం తల్లడిల్లిపోయేది ఈ స్టేషన్‌లోనే. "ఇంత చిన్నదా!" అని ఆవిడ ఆశ్చర్యపోయారు.

ఆకు కోసే చేతులు

కూనూరు ఊటీ కన్నా కొంచెం కిందికి, సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉంది. రద్దీ తక్కువ. సిమ్స్ పార్కు చూసి, సాయంత్రం ఒక తోట పక్కన నడిచాం. ఆడవాళ్ళు వరసగా ఆకు కోస్తున్నారు. అత్తయ్యగారు చిన్నప్పుడు చిత్తూరులో పెరగడం వల్ల ఆవిడకి అరవం బాగా వచ్చు. గట్టు మీద కూర్చుని ఒకావిడతో మాట కలిపారు.

కొసన ఉండే మొగ్గ, దాని కింద రెండు లేత ఆకులు, అంతవరకే కొయ్యాలట. ముదురాకు కలిస్తే టీ రుచి పోతుంది. కోసిన చోట మళ్ళీ చిగురు రావడానికి వారం నుంచి రెండు వారాలు. వదిలేస్తే తేయాకు పెద్ద చెట్టయిపోతుంది, కొయ్యడానికి వీలుగా నడుము ఎత్తున కత్తిరిస్తారు. నడుముకి మందపాటి ప్లాస్టిక్ పట్టా చుట్టుకుంటారు, తడి, కొమ్మల గీతలు తగలకుండా. వానాకాలంలో జలగలు. పొద్దున్నే అడవిదున్నలు తోటలో నిలబడి ఉంటే అవి కదిలేదాకా ఆగాలి.

ఆవిడ తల్లిదండ్రులు సిలోను నుంచి వచ్చినవాళ్ళట. 1964లో మన ప్రధాని శాస్త్రిగారికి, శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకెకి మధ్య ఒప్పందం కుదిరి, 5 లక్షల 25 వేల మందిని ఇండియాకి పంపాలని నిర్ణయించారు. తరతరాలుగా అక్కడి టీ తోటల్లో పనిచేసినవాళ్ళు వాళ్ళు. అలా వచ్చినవాళ్ళకి పని చూపించడానికే తమిళనాడు ప్రభుత్వం నీలగిరుల్లో తోటలు వేసి, 1976లో టాన్‌టీ సంస్థగా చేసింది.

"మీ అమ్మాయి కూడా ఈ పనేనా?" అని అడిగారు అత్తయ్యగారు. "అది తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో చేరింది. ఇక్కడికి రానంటోంది. రావద్దనే నేనూ చెప్పాను. కానీ మా తర్వాత ఈ ఆకు ఎవరు కోస్తారో" అందావిడ, చేతులు ఆపకుండానే. మా అమ్మాయి ఆ మాట విని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఒక కిలో టీపొడికి నాలుగు, నాలుగున్నర కిలోల పచ్చి ఆకు కావాలి. ఇక్కడ చిన్న రైతులు ఎక్కువ, వాళ్ళలో బడగలే చాలామంది. ఆకు కోసిన రోజే ఫ్యాక్టరీకి ఇచ్చెయ్యాలి, దాచుకోవడానికి లేదు. అందుకని ధర పడిపోయినా అమ్ముకోవాల్సిందే. మన టమాటా రైతుల కష్టం లాంటిదే ఇదీను.

టీపొడి ఎలా అవుతుంది?

దొడ్డబెట్ట రోడ్డులో టీ ఫ్యాక్టరీ, మ్యూజియం చూశాం. ముందు ఆకుని పొడుగాటి తొట్లలో పరిచి గాలి తగిలేలా వాడబెడతారు. తర్వాత పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, ఉండ కట్టిస్తారు. దీన్నే సిటిసి అంటారు. నలిగిన ఆకు గాలి సోకి రాగి రంగుకి తిరుగుతుంది, కోసిన వంకాయ ముక్క నల్లబడినట్టే. ఆపైన వేడిగాలిలో ఆరబెట్టి జల్లెడ పడతారు. డస్ట్ టీ అంటే తుక్కు కాదు, జల్లెడలో దిగిన సన్నటి పలుకు. డికాక్షన్ త్వరగా దిగుతుంది. గ్రీన్ టీ కూడా ఈ మొక్కదే, ఆకు రంగు మారకుండా ముందే వేడి చేస్తారు.

తెచ్చుకున్న టీ ఎలా కాచాలి?

పాల టీకి సిటిసి పొడే బాగుంటుంది. ఆకు టీ కొంటే మాత్రం మరిగించకండి. నీళ్ళు తెర్లాక పొయ్యి కట్టేసి, కప్పుకో చెంచా ఆకు వేసి, మూడు నాలుగు నిమిషాలు మూత పెట్టి వడకట్టండి. నిమ్మరసం నాలుగు చుక్కలు చాలు. టీ వాసనలు ఇట్టే పట్టేస్తుంది కాబట్టి మసాలా డబ్బాలకి దూరంగా, గట్టి మూత డబ్బాలో ఉంచాలి.

వెళ్ళేవాళ్ళకి

సొంత కార్లు, అద్దె కార్లకి 2024 మే నుంచి ఈ-పాస్ పెట్టారు, బస్సులో వెళ్ళేవాళ్ళకి అక్కర్లేదు. బుల్లి రైలు టిక్కెట్లు ముందే రిజర్వు చేయించుకోండి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు, సంచులు నిషేధం. స్టీలు సీసా, గుడ్డ సంచి పట్టుకెళ్ళండి. ఏప్రిల్‌లో కూడా రాత్రిళ్ళు స్వెట్టరు కావాలి, పెద్దవాళ్ళకి మేజోళ్ళు మరవకండి. గదిలో వండుకునేవాళ్ళు చిన్న కుక్కరు తీసుకెళ్ళండి, ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి, మూత లేని గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క గంటైనా తోట గట్టున కూర్చుని ఆకు కోసే ఆడవాళ్ళతో మాట్లాడండి. భాష రాకపోయినా ఫరవాలేదు, నవ్వితే వాళ్ళూ నవ్వుతారు.