అండర్‌టేకర్ నడక

 

మేము హంసలదీవి వైపు యానాదుల పిల్లలం. మడ అడవుల్లో పీతలు పట్టుకుని బతికే ఇళ్లు మావి. చిన్నప్పుడు మా కాలనీలో టీవీ లేదు. ఊళ్లో టీకొట్టు బయట నిలబడి టెన్ స్పోర్ట్స్‌లో రెజ్లింగ్ చూసేవాళ్లం. కొట్లాట సంగతి ఎలా ఉన్నా, మాకు పిచ్చెక్కించింది అండర్‌టేకర్ ఎంట్రీ. గంట మోగుద్ది, లైట్లన్నీ ఆరిపోతాయి. నల్ల కోటు, నల్ల టోపీ, ఆరడుగుల పది అంగుళాల మనిషి. పొగలోంచి నిదానంగా నడుచుకుంటూ వస్తాడు. రెండు చేతులూ మెల్లగా పైకెత్తితే లైట్లు వస్తాయి. టోపీ తీసి కళ్లు పైకి తిప్పితే తెల్లగుడ్లే. ఏడుసార్లు చచ్చి బతికాడని బళ్లో అందరం చెప్పుకునేవాళ్లం. మీరూ చెప్పుకునే ఉంటారు!

హాస్టల్‌కి వచ్చాక ఆ ఎంట్రీ మేమే చేసేవాళ్లం. హాస్టల్లో ఇచ్చిన దుప్పటే కోటు. అన్నం పళ్లెం మీద గరిటెతో ఒక్క దెబ్బ, అదే గంట. ఆ మోత పూర్తిగా ఆగాకే అడుగెయ్యాలి. స్విచ్ దగ్గర ఒకడుండాలి. ఒక్కోసారి నిజంగానే కరెంటు పోయేది, చేతులెంత ఎత్తినా వచ్చేది కాదు. అందులో కష్టమైంది నిదానంగా నడవడమే. నాలుగడుగులు వేసేసరికి కాళ్లు వాటంతటవే తొందరపడేవి, తల వాలిపోయేది.

ఎందుకో తర్వాత అర్థమైంది. మా నాన్నలు గట్టు మీద నడుస్తుంటే, వెనక బండి హారన్ కొట్టకముందే పక్కకి దిగుతారు. పోలీసు జీపు కనిపిస్తే ఏ తప్పూ చెయ్యకపోయినా నడక వేగం పెంచుతారు. తెల్లోళ్ల కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవాళ్లని, యానాదుల్లో కొందరిని పుట్టుకతోనే దొంగలని రాశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ భయం మాత్రం ఇంకా మా వాళ్ల కాళ్లల్లో ఉంది.

జాన్ సీనా పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలికి వచ్చినప్పుడు ఫోన్లో చూసి మేమూ అరిచాం. కానీ పరుగు మాకు కొత్త కాదు. అంతమంది చూస్తుండగా దారి మధ్యలో తీరుబడిగా నడవడం కొత్త.

సెలవులకొచ్చి కాలనీలో చేసి చూపిస్తే, ఒక మావయ్య "అట్టా నిక్కి నడవమాకండ్రా, ఊళ్లోవాళ్లు చూస్తే బాగోదు" అన్నాడు. మా అవ్వ మాత్రం వాడెవడని అడిగింది. శవాల్ని పూడ్చేవాడని ఆ పేరుకి అర్థం చెప్పాం. ఆమె 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. "అప్పుడు శవాలెత్తినోళ్లకి టోపీలేడియ్యి నాయనా, ముక్కుకి గుడ్డే" అంది. కాసేపాగి, "ఏదీ, మళ్లీ నడు" అంది.

మాఘ పౌర్ణమి తిరునాళ్లలో మావాడొకడు దుప్పటీ గంటా లేకుండానే నడిచాడు. వేణుగోపాలస్వామి గుడి దారిలో, జనం మధ్యలో. వెనకనుంచి బండాయన హారన్ కొట్టాడు, తిట్టాడు. పక్కన బోలెడు చోటుంది. వీడు అదే అడుగుతో ముందుకెళ్లాడు. మా గుండెలు దడదడలాడాయి. చివరికి ఆ బండే పక్కనుంచి పోయింది.

అండర్‌టేకర్ 2020 నవంబరు 22న, మొదటిసారి కనిపించిన రోజుకి సరిగ్గా 30 ఏళ్లకి, వీడ్కోలు ఎంట్రీ చేశాడు. ఇప్పుడు హాస్టల్ చిన్నపిల్లలకి రోమన్ రీన్స్ కావాలి. ఆయనా నిదానంగానే వస్తాడు లెండి. పళ్లెం మోగితే మాత్రం వాళ్లూ దుప్పట్లు కప్పుకుంటారు. స్విచ్ దగ్గరుండే తమ్ముడికి కళ్లు తిప్పడం ఇంకా రాలేదు.